మెదడు పద్ధతిలో నెట్‌వర్క్‌కు నేర్పడం: బ్యాక్‌ప్రొపగేషన్ లేకుండా అంకెలు గుర్తింపజేయడం ఎలా?

విశాఖపట్నం చేపల రేవులో బోటు ఒడ్డుకు చేరి, సరుకు వేలం ముగిశాక ఆ వేటకు నష్టం వచ్చిందని తేలితే, తప్పు ఎక్కడ జరిగిందో చెప్పడం అంత తేలిక కాదు. సరంగు బోటును చేపలు లేని వైపుకు నడిపి ఉండవచ్చు, వల ఎక్కడో చిరిగి ఉండవచ్చు, ఐసు చాలక సరుకు మెత్తబడి ఉండవచ్చు. కళాసీలందరి చెవికీ చేరేది మాత్రం ఒకటే మాట: ఈసారి గిట్టలేదు. వచ్చే వేటలో ఎవరు ఏ పనిని ఎంత మార్చుకోవాలో ఆ మాట చెప్పదు. న్యూరల్ నెట్‌వర్క్‌కు నేర్పడంలోని అసలు చిక్కు కూడా ఇదే. చివరన వచ్చిన దోషంలో లోపలి పొరల్లోని ఒక్కొక్క వెయిట్‌కు, అంటే రెండు న్యూరాన్ల మధ్య లంకె బలాన్ని తెలిపే సంఖ్యకు, వాటా ఎంత?

రూమెల్‌హార్ట్, హింటన్, విలియమ్స్ 1986లో నేచర్ పత్రికలో ప్రకటించిన వ్యాసంతో బహుళ ప్రచారంలోకి వచ్చిన బ్యాక్‌ప్రొపగేషన్, ఈ వాటాను పైసలతో సహా లెక్కగట్టి ప్రతి వెయిట్‌కూ విడివిడిగా చెబుతుంది. ఇంజినీరింగ్ పరంగా దానికి వంక పెట్టలేము. అయితే మెదడు ఈ పని చేస్తోందని నమ్మడం కష్టమని, డీఎన్‌ఏ నిర్మాణాన్ని కనుగొన్నవారిలో ఒకరైన ఫ్రాన్సిస్ క్రిక్ 1989లో అదే నేచర్‌లో రాశారు. అభ్యంతరాలలో ప్రధానమైనది ఇది: దోషాన్ని వెనక్కి పంపేటప్పుడు ముందుకు వెళ్ళిన వెయిట్ల విలువలనే తిరిగి వాడాలి, కానీ సినాప్స్ (మెదడులో రెండు న్యూరాన్ల మధ్య లంకె) ఒకే దిశలో పనిచేసే దారి, వెనక్కి వచ్చే దారి వేరే ఉన్నా, ఆ దారికి ముందు దారిలోని బలాలు ఎంతెంతో తెలిసే మార్గం లేదు. దీనినే వెయిట్ ట్రాన్స్‌పోర్ట్ సమస్య అంటారు. స్టీఫెన్ గ్రాస్‌బర్గ్ దీనిని 1987లోనే ఎత్తిచూపారు.

విశాఖ మద్దిలపాలెంలో మేము కొందరం ఆదివారాలలో ఇంజినీరింగ్ విద్యార్థులతో కలిసి చేసే అభ్యాసాల నుంచి ఈ మార్గదర్శిని తయారైంది. సాధారణ ల్యాప్‌టాప్, పైతాన్ భాష, అందులోని నంపై, పైటార్చ్ లైబ్రరీలు చాలు. జీపీయూ ఉంటే కాలం కలిసివస్తుంది, లేకపోయినా పని ఆగదు. ఏ పద్ధతి చేపట్టినా మొదట మిమ్మల్ని మీరు వేసుకోవలసిన ప్రశ్న ఒకటే: ఈ వెయిట్ మారే క్షణంలో దానికి ఏమేమి తెలుసు? తన ఇవతలి న్యూరాన్ స్థితి, అవతలి న్యూరాన్ స్థితి, ఇంకా అందరికీ వినిపించే ఏదో ఒక సంకేతం, ఇంతవరకే తెలిస్తే ఆ పద్ధతి మెదడుకు దగ్గరగా ఉన్నట్టు. అంతకు మించి తెలిస్తే ఎక్కడో బ్యాక్‌ప్రొపగేషన్ దొడ్డిదారిన ప్రవేశించిందని అర్థం.

ముందుగా కొలబద్ద

ఎంనిస్ట్ చేతిరాత అంకెలతో మొదలుపెట్టండి. అందులో నేర్పడానికి 60,000, పరీక్షించడానికి 10,000 బొమ్మలు ఉంటాయి. ప్రతి బొమ్మా 28 అడ్డు, 28 నిలువు, అంటే 784 పిక్సెళ్ళు. 784 ఇన్‌పుట్లు, 500 న్యూరాన్లతో ఒక దాపు పొర (మధ్యలో ఉండే లోపలి పొర), 10 అవుట్‌పుట్లు ఉన్న నెట్‌వర్క్‌కు మామూలు బ్యాక్‌ప్రొపగేషన్‌తోనే నేర్పి, పరీక్ష ఫలితాన్ని రాసి పెట్టుకోండి. 98 శాతం ప్రాంతంలో రావాలి. అది రాకుండా ముందుకు వెళ్ళవద్దు. కొలబద్దే వంకరగా ఉంటే తరువాత వచ్చే ఏ అంకెకూ విలువ ఉండదు.

దీనితోపాటు ఒక చిన్న సొంత సేకరణ కూడా చేసుకోవాలని నా సలహా. తెలిసినవారు నలభై మంది చేత ౦ నుంచి ౯ వరకు తెలుగు అంకెలను తలా అయిదుసార్లు తెల్లకాగితంపై రాయించి, ఫోనుతో ఫొటో తీసి, 28 పిక్సెళ్ళకు కుదించండి. 2,000 బొమ్మలు సమకూరుతాయి. మా విద్యార్థులలో చాలామందికి ౪, ౬, ౭ ఎలా రాయాలో తెలియక గోడకు పట్టిక అంటించవలసి వచ్చింది, అది వేరే సంగతి. రెండు జాగ్రత్తలు మాత్రం తప్పవు. ఎంనిస్ట్‌లో నల్లని నేపథ్యంపై తెల్లని గీత ఉంటుంది, మీ ఫొటోలలో తెలుపు, నలుపు అందుకు తలకిందులుగా ఉంటాయి కాబట్టి ఆ రంగులను తిరగేయాలి. రెండవది, ముప్పై మంది రాతను నేర్పడానికి, మిగిలిన పదిమంది రాతను పరీక్షకు కేటాయించాలే తప్ప, అందరి రాతనూ కలిపి చీటీలు తీసినట్టు విడదీయకూడదు. ఒకే చేతిరాత రెండువైపులా ఉంటే ఫలితం ఉన్నదానికంటే మెరుగ్గా కనిపించి మోసం చేస్తుంది.

హెబ్ సూత్రంతో చేయి తిప్పుకోవడం

కెనడా మనస్తత్వ శాస్త్రవేత్త డొనాల్డ్ హెబ్ 1949లో ప్రతిపాదించిన ఊహ ఏమిటంటే, ఒక న్యూరాన్ పదేపదే మరొక న్యూరాన్‌ను ఉత్తేజపరచడంలో పాలుపంచుకుంటే వాటి మధ్య లంకె బలపడుతుంది. 1973లో బ్లిస్, లోమో కుందేలు మెదడులో జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్ అనే భాగంలో ఇటువంటి దీర్ఘకాలిక బలోపేతాన్ని చూపించారు. దీనిని కోడ్‌గా రాస్తే ఒక్క వరుస: వెయిట్‌లో రావలసిన మార్పు అంటే లెర్నింగ్ రేటు (ఒక్కో అడుగు ఎంత పెద్దదో చెప్పే సంఖ్య), ఇన్‌పుట్, అవుట్‌పుట్, ఈ మూడింటి లబ్ధం.

ఈ ఒక్క వరుసనే రెండు కొలతలున్న ఏటవాలు చుక్కల గుంపుపై నడిపి చూడండి. వెయిట్ పెరిగితే అవుట్‌పుట్ పెరుగుతుంది, అవుట్‌పుట్ పెరిగితే వెయిట్ మరింత పెరుగుతుంది. కొన్ని వందల అడుగుల్లోనే విలువలు హద్దు దాటిపోతాయి. ఫిన్లాండ్‌కు చెందిన ఎర్కి ఓయా 1982లో దీనికి చెప్పిన మందు సరళమైనది. ఇన్‌పుట్‌ను నేరుగా వాడకుండా, అందులోంచి అవుట్‌పుట్, వెయిట్‌ల లబ్ధాన్ని తీసివేసి, మిగిలినదానిని అవుట్‌పుట్‌తో గుణించాలి. అప్పుడు వెయిట్ల వెక్టర్ పొడవు 1 దగ్గర నిలిచి, దాని దిశ చుక్కల గుంపు ఎక్కువగా సాగిన దిశకు, అంటే మొదటి ప్రధాన అంశానికి, చేరుకుంటుంది. డేటా సగటును ముందే సున్నా చేసుకోవడం మరవకండి. నంపైలో ప్రధాన అంశాన్ని విడిగా లెక్కించి రెండు దిశలనూ పోల్చండి. గుర్తు తిరగబడి వచ్చినా అది తప్పు కాదు.

ఇక్కడ వెయిట్‌కు తెలిసినవి తన రెండు కొసల స్థితీ, తన విలువా మాత్రమే. మన ప్రశ్నకు ఇంత చక్కని జవాబు మరే పద్ధతిలోనూ రాదు. కానీ ఇది అంకెలను గుర్తించడం నేర్వదు. డేటాలో ఏ దిశ ప్రబలంగా ఉందో చెబుతుందే తప్ప, ఏ దిశ మన పనికి వస్తుందో దానికి తెలియదు. చివరి ఫలితం గురించిన కబురు ఏదో ఒక రూపంలో లోపలికి చేరాలి.

ఫీడ్‌బ్యాక్ అలైన్‌మెంట్

లిల్లిక్రాప్ బృందం 2016లో నేచర్ కమ్యూనికేషన్స్‌లో ప్రకటించిన ఈ పద్ధతిని మొదటిసారి విన్నవారెవరూ నమ్మరు. దోషాన్ని వెనక్కి పంపడానికి ముందు దారిలోని వెయిట్లకు బదులు, మొదట్లోనే యాదృచ్ఛికంగా ఎంచుకొని ఆ తరువాత ఎన్నడూ మార్చని మరొక మాత్రికను వాడతారు. వెయిట్ ట్రాన్స్‌పోర్ట్ అవసరమే ఉండదు. అయినా నెట్‌వర్క్ నేర్చుకుంటుంది, ఎంనిస్ట్ వంటి పనులలో బ్యాక్‌ప్రొపగేషన్‌కు దీటుగా నిలుస్తుంది.

చేసే విధానం ఇది. దీనిని పైటార్చ్ స్వయంచాలక గ్రేడియంట్లతో (ప్రతి వెయిట్‌నూ ఏ దిశలో ఎంత మార్చాలో చెప్పే సంఖ్యలతో) కాకుండా నంపైలో చేత్తో రాయండి, అప్పుడే ఏది ఎక్కడికి వెళుతోందో తెలుస్తుంది. ముందు పరుగులో దాపు పొరనూ అవుట్‌పుట్‌నూ మామూలుగా లెక్కించండి. అవుట్‌పుట్‌లోంచి సరైన జవాబును తీసివేస్తే దోషం వస్తుంది, పది సంఖ్యల వెక్టర్. చివరి పొర వెయిట్లను ఎప్పటిలాగే ఈ దోషంతో సవరించండి. దాపు పొర దగ్గరకు వచ్చేసరికి, బ్యాక్‌ప్రొపగేషన్ అయితే చివరి పొర వెయిట్ల మాత్రికను తిప్పి దోషంతో గుణించేది; మీరు దాని స్థానంలో 500 వరుసలు, 10 నిలువులు ఉన్న యాదృచ్ఛిక మాత్రికతో గుణించి, యాక్టివేషన్ (న్యూరాన్ తనకు అందిన మొత్తాన్ని అవుట్‌పుట్‌గా మార్చే సూత్రం) వాలుతో హెచ్చించి, ఇన్‌పుట్‌తో గుణించి మార్పును లెక్కించండి. మిగిలిన కోడ్‌లో ఒక్క అక్షరం కూడా మారదు.

మా దగ్గర ఒక విద్యార్థి చేసిన కోడ్ రెండు వారాల పాటు ఏమీ నేర్చుకోలేదు. లెర్నింగ్ రేటు మార్చాము, పొర వెడల్పు మార్చాము, చివరికి డేటానే అనుమానించాము. తీరా చూస్తే యాదృచ్ఛిక మాత్రికను సృష్టించే వరుస లూప్ లోపల ఉంది, అంటే ప్రతి అడుగులోనూ కొత్త మాత్రిక పుడుతోంది. ఆ వరుసను లూప్ బయటకు తెచ్చిన పూటే నెట్‌వర్క్ నేర్వడం మొదలుపెట్టింది. ఈ పద్ధతి రహస్యమంతా ఆ పొరపాటులోనే ఉంది. వెనుక దారి ఏదైనా ఫరవాలేదు, కానీ అది స్థిరంగా ఉండాలి. స్థిరంగా ఉంటేనే ముందు దారిలోని వెయిట్లు క్రమంగా దానికి అనుగుణంగా ఒరుగుతాయి. అలైన్‌మెంట్ అన్న పేరు అందుకే వచ్చింది.

ఆ ఒరగడాన్ని కళ్ళారా చూడవచ్చు. ప్రతి వంద అడుగులకు ఒకసారి, బ్యాక్‌ప్రొపగేషన్ దాపు పొరకు పంపి ఉండే వెక్టర్‌నూ, మీ యాదృచ్ఛిక మాత్రిక పంపిన వెక్టర్‌నూ లెక్కించి, రెండింటి మధ్య కోణాన్ని గ్రాఫ్‌గా గీయండి. ఆరంభంలో కోణం 90 డిగ్రీల చుట్టూ ఉంటుంది, అంటే రెండింటికీ సంబంధమే లేదు. నేర్చుకుంటున్నకొద్దీ అది 90 కంటే దిగువకు జారుతుంది. 90 కంటే తక్కువ ఉన్నంతవరకు, చిన్న చిన్న అడుగులు సుమారుగా సరైన దిశలోనే పడతాయి. కోణం కదలకపోతే లెర్నింగ్ రేటును కాదు, మాత్రిక స్థిరంగా ఉందో లేదో ముందు చూడండి.

దీని పరిమితిని కూడా తెలిసి వాడాలి. బార్తునోవ్ తదితరులు 2018లో ఇమేజ్‌నెట్ (లక్షలాది ఫొటోల సేకరణ) వంటి పెద్ద పనిపై పరీక్షించినప్పుడు ఈ పద్ధతులు బ్యాక్‌ప్రొపగేషన్‌కు చాలా వెనుకబడ్డాయి. కన్వల్యూషన్ పొరలు (బొమ్మను చిన్న ముక్కలుగా పరిశీలించే పొరలు) పెరిగేకొద్దీ ఇబ్బంది ఎక్కువవుతుంది. అంకెలపై గెలిచినంత మాత్రాన అన్నిటిపైనా గెలుస్తుందని విద్యార్థులకు నేను చెప్పను.

ఫార్వర్డ్-ఫార్వర్డ్: రెండుసార్లూ ముందుకే

బ్యాక్‌ప్రొపగేషన్‌కు పేరు తెచ్చినవారిలో ఒకరైన జెఫ్రీ హింటనే 2022 డిసెంబరులో, వెనుక పరుగు అసలే లేని పద్ధతిని ప్రతిపాదించారు. నాకు ఇందులో నచ్చేది, ప్రతి పొరకూ సొంత లక్ష్యం ఉండడం. పొరలోని న్యూరాన్ల స్థితులను వర్గం చేసి కూడితే వచ్చేదానిని ఆ పొర 'మంచితనం' అంటారు. నిజమైన డేటా వచ్చినప్పుడు మంచితనం ఒక గడప (ముందే నిర్ణయించుకున్న హద్దు) కంటే ఎక్కువగా, నకిలీ డేటా వచ్చినప్పుడు తక్కువగా ఉండేటట్టు ప్రతి పొరా తన వెయిట్లను తానే సవరించుకుంటుంది. పై పొర ఏమి చేస్తోందో కింది పొరకు తెలియనక్కర్లేదు.

అంకెల విషయంలో నిజమేది, నకిలీ ఏది? ఎంనిస్ట్ బొమ్మల అంచు నల్లగా ఉంటుంది కాబట్టి, మొదటి పది పిక్సెళ్ళను లేబుల్ (అది ఏ అంకె బొమ్మో తెలిపే గుర్తు) కోసం వాడుకోవచ్చు. బొమ్మ 7 అయితే, సున్నా నుంచి లెక్కించి ఏడవ స్థానంలో ఉన్న పిక్సెల్‌ను వెలిగించి, మిగిలిన తొమ్మిదింటినీ ఆర్పితే అది నిజమైన నమూనా. అదే బొమ్మకు 3 అని తప్పుడు లేబుల్ పెడితే అది నకిలీ. రెండింటికీ తేడా లేబుల్‌లో మాత్రమే ఉంటుంది కాబట్టి, బొమ్మకూ లేబుల్‌కూ ఉన్న సంబంధాన్ని నెట్‌వర్క్ పట్టుకోక తప్పదు. తెలుగు అంకెల ఫొటోల రంగులను తిరగేయకుండా ఇస్తే పై వరుస అంతా తెల్లగా ఉండి, లేబుల్ పిక్సెళ్ళ చుట్టూ అంతకంటే పెద్ద వెలుగు పరచుకుంటుంది, అందులో లేబుల్ మునిగిపోతుంది. ఇందాకటి జాగ్రత్త ఇక్కడ రెండింతలు అవసరం.

మంచితనాన్ని మొత్తంగా కాకుండా సగటుగా తీసుకుంటే, పొర వెడల్పు మార్చినప్పుడల్లా గడపను మార్చే పని ఉండదు. లాస్‌గా, అంటే తగ్గించవలసిన తప్పు కొలతగా, సాఫ్ట్‌ప్లస్ అనే సూత్రాన్ని వాడండి: నిజమైనదానికి గడపలోంచి మంచితనాన్ని, నకిలీదానికి మంచితనంలోంచి గడపను తీసివేసి అందులో పెట్టాలి. రెండు రకాల నమూనాలలోనూ మంచితనం గడపతో సమానంగా ఉన్నప్పుడు ఈ లాస్ 0.69 ఉంటుంది. నేర్పుతున్నప్పుడు లాస్ ఆ విలువ దగ్గరే అతుక్కుపోయిందంటే, పొర నిజానికీ నకిలీకీ తేడా కనిపెట్టడం లేదన్నమాట.

రెండు చోట్ల దాదాపు అందరూ జారిపడతారు. మొదటిది, ఒక పొర అవుట్‌పుట్‌ను తరువాతి పొరకు ఇచ్చేముందు వెక్టర్ పొడవును సమం చేయాలి. అలా చేయకపోతే, మంచితనం ఎక్కువగా ఉన్న వెక్టర్ పొడవుగా ఉంటుంది కాబట్టి, పై పొర ఏమీ నేర్వకుండానే ఆ పొడవు చూసి జవాబు చెప్పేస్తుంది. పక్కవాడి పేపరు చూసి రాసినట్టన్నమాట. పొడవును తీసివేస్తే మిగిలేది దిశ మాత్రమే, అందులోంచి పై పొర కొత్త విషయం వెతుక్కోవాలి.

రెండవది ఇంకా ప్రమాదకరం, ఎందుకంటే అది జరిగినా ఫలితాలు బాగానే వస్తాయి. పైటార్చ్‌లో ఒక పొర అవుట్‌పుట్‌ను తరువాతి పొరకు ఇచ్చేటప్పుడు డిటాచ్ చేయడం (గ్రేడియంట్లు వెనక్కి వెళ్ళే దారిని తెంచడం) మరచిపోతే, పై పొర లాస్ నుంచి గ్రేడియంట్లు కింది పొరలోకి చడీచప్పుడు లేకుండా దిగిపోతాయి. మీరు ఫార్వర్డ్-ఫార్వర్డ్ అనుకుంటారు, నడిచేది బ్యాక్‌ప్రొపగేషన్. దీనిని పట్టుకోవడానికి ఒక పరీక్ష ఉంది. రెండవ పొర లాస్‌పై మాత్రమే బ్యాక్‌వర్డ్ పిలిచి, మొదటి పొర గ్రేడియంట్‌ను ముద్రించి చూడండి. ఏ విలువా లేదని రావాలి. ఏదైనా సంఖ్య కనిపించిందంటే కోడ్‌లో కన్నం ఉంది. ఈ వెయిట్‌కు ఏమి తెలుసు అన్న ప్రశ్నను యంత్రం చేతనే చెప్పించే పరీక్ష ఇది, ప్రతి కోడ్‌లోనూ శాశ్వతంగా ఉంచండి.

పరీక్ష సమయంలో, తెలియని బొమ్మకు పది లేబుళ్ళనూ ఒకటొకటిగా తగిలించి, మొదటి దాపు పొరను వదిలి మిగిలిన పొరల మంచితనాలను కూడి, ఏ లేబుల్‌కు ఎక్కువ వస్తే అదే జవాబుగా తీసుకోండి. ఒక్కొక్కటి 2,000 న్యూరాన్లున్న నాలుగు దాపు పొరలతో, 60 ఎపోక్‌ల (నేర్పే డేటా మొత్తాన్ని ఒకసారి చూపడం ఒక ఎపోక్) తరువాత 1.36 శాతం తప్పులు వచ్చాయని హింటన్ నివేదించారు. బ్యాక్‌ప్రొపగేషన్ అటువంటి స్థాయికి 20 ఎపోక్‌లలో చేరుతుందని కూడా ఆయనే చెప్పారు. కాబట్టి ఓపిక కావాలి. వేసవిలో యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌పై నడిపేవారు ప్రతి ఎపోక్ చివరా వెయిట్లను భద్రపరచుకోవడం మంచిది, కరెంటు మన ఎపోక్ పూర్తయ్యేదాకా ఆగదు.

ప్రతిఫలం, స్పైకులు: క్లుప్తంగా

రేవులోని కళాసీలకు అందే ఒక్క మాటతోనే నేర్పడం కూడా సాధ్యమే. ప్రతి న్యూరాన్ స్థితికీ కొద్దిపాటి యాదృచ్ఛిక కదలిక కలిపి, ఫలితం మెరుగుపడితే ఆ కదలిక దిశలో, చెడితే ఎదురు దిశలో వెయిట్లను జరపాలి. మెదడులో డోపమైన్ న్యూరాన్లు ఊహించిన ప్రతిఫలానికీ వచ్చిన ప్రతిఫలానికీ మధ్య తేడాను సూచిస్తాయని షుల్ట్జ్, డాయన్, మాంటెగ్యూ 1997లో వివరించారు. ఈ పద్ధతికి ఆధారం అటువంటి సంకేతమే. న్యూరాన్ల సంఖ్య పెరిగేకొద్దీ మాత్రం ఎవరి కదలిక వల్ల మేలు జరిగిందో తెలియక నేర్చుకోవడం మందగిస్తుంది. ఇరవై న్యూరాన్లతో చేసి చూసి, వదిలేయండి.

స్పైకింగ్ నెట్‌వర్క్‌లలో, అంటే న్యూరాన్లు స్పైకులనే క్షణికమైన పేలుళ్ళతో కబురు పంపుకొనే నెట్‌వర్క్‌లలో, కాలానికి ప్రాధాన్యం. బీ, పూ 1998లో చూపినట్లు, ఇవతలి న్యూరాన్ అవతలిదానికంటే సుమారు 20 మిల్లీసెకన్ల లోపు ముందుగా పేలితే లంకె బలపడుతుంది, తరువాత పేలితే బలహీనపడుతుంది. నేడు వీటికి నేర్పడానికి ఎక్కువగా వాడే సరోగేట్ గ్రేడియంట్ పద్ధతి (స్పైకు గెంతుకు బదులు నునుపైన వాలును వాడేది) లోపల బ్యాక్‌ప్రొపగేషనే అని తెలుసుకొని వాడండి. దాదాపు 8,600 కోట్ల న్యూరాన్లున్న మెదడు 20 వాట్ల ప్రాంతంలో నడుస్తుంది, పాత సీలింగ్ ఫ్యాన్‌కు పట్టే కరెంటులో మూడో వంతు కూడా కాదు. స్పైకులపై ఆసక్తి అంతా అక్కడినుంచే వస్తుంది, కానీ మన ల్యాప్‌టాప్‌పై ఆ పొదుపు కనిపించదు. దానికి తగిన చిప్పులు కావాలి.

మరపును ఆపడం

ఇప్పుడు తెలుగు అంకెలను బయటకు తీయండి. ఎంనిస్ట్ నేర్చిన నెట్‌వర్క్‌కు ఆ అవుట్‌పుట్లతోనే తెలుగు అంకెలను మాత్రమే నేర్పి, తిరిగి ఎంనిస్ట్‌పై పరీక్షించండి. పాత పాఠం చాలావరకు చెరిగిపోతుంది. మెక్‌క్లాస్కీ, కోహెన్ 1989లో గుర్తించిన ఈ దోషం, ఏ పద్ధతితో నేర్పినా ఎంతో కొంత ఉంటుంది. మొత్తం శాతాన్ని కాకుండా అంకెల వారీగా చూడండి. సున్నా రెండు లిపులలోనూ గుండ్రమే కాబట్టి అది తక్కువగా చెడుతుంది. ౨, ౩ లకు 2, 3 లతో కొంత పోలిక ఉంది, ౪, ౫ లకు 4, 5 లతో ఏ పోలికా లేదు. పట్టికలో ఆ తేడా కనిపిస్తుందో లేదో గమనించండి.

విల్సన్, మెక్‌నాటన్ 1994లో ఎలుకలు నిద్రపోతున్నప్పుడు వాటి హిప్పోక్యాంపస్‌లో మెలకువనాటి అనుభవపు నమూనాలు మళ్ళీ మెదలుతున్నాయని చూపారు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో అమలయ్యే 61 రోజుల వేట నిషేధంలో బోట్లు కదలవు, కానీ రేవులో పని ఆగదు. పాత వలలన్నీ బయటికి వచ్చి బాగవుతాయి. అటువంటి విరామమే నెట్‌వర్క్‌కు కూడా ఇవ్వాలి. ఎంనిస్ట్ నుంచి అంకెకు 20 చొప్పున 200 బొమ్మలను పక్కన పెట్టుకొని, తెలుగు అంకెలు నేర్పే ప్రతి బ్యాచ్‌లో (ఒక్కో అడుగులో చూపే బొమ్మల గుంపులో) సగం వాటితో నింపండి. తరువాత ఆ సంఖ్యను అంకెకు 10కి, 5కి, 1కి తగ్గిస్తూ పోయి, రెండు పరీక్షల ఫలితాలనూ ఒకే గ్రాఫ్‌పై గీయండి. పాత బొమ్మలు దాచుకునే వీలు లేనప్పుడు, కర్క్‌ప్యాట్రిక్ బృందం 2017లో ప్రతిపాదించినట్టు, పాత పనికి కీలకమైన వెయిట్లను కదలనీయకుండా గట్టిగా పట్టి ఉంచే మార్గం ఉంది. అక్కడ కూడా ప్రతి వెయిట్ తన ప్రాముఖ్యాన్ని తన దగ్గరే ఒక సంఖ్యగా దాచుకుంటుంది, అయితే ఆ సంఖ్యను మొదట లెక్కించడానికి గ్రేడియంట్లు కావాలి. అందుకే మా తరగతిలో ముందు రిప్లే, అంటే పాత బొమ్మలను కలిపి మళ్ళీ చూపడం, చేయించి, అంకెల వారీ పట్టిక పూర్తి చేసినవారికే ఆ రెండవ పద్ధతిని ఇస్తాము.